బాతు ఈకా, చక్కెర నీళ్ళూ

ఆ పేటలో తేనెటీగలు పెంచే ఇళ్ళు తొమ్మిది. తొమ్మిదింటికీ కలిపి ధర్మాసనం మాత్రం ఒక్కటే: బైండరు గారు. ఆయన్ని ఎవరూ నియమించలేదు, ఎన్నుకోనూ లేదు. ఏ చట్టంలోనూ లేని ఆ పదవిని ఆయన పదకొండేళ్ళుగా ఎవరూ అడక్కుండానే మోస్తున్నాడు. పది రోజులకోసారి ప్రతి పెరట్లోకీ వచ్చి, పెట్టెల మూతలు తీసి, రాణి ఈగ కులాసాగా ఉందా, గుడ్లు పెడుతోందా, పిల్లలు ఎదుగుతున్నాయా, నిల్వ తేనె చాలుతుందా అని చూసి, తీర్పు చెప్పి, ఇచ్చిన టీ తాగి వెళ్ళేవాడు. టీ బాగా లేకపోతే తీర్పు కొంచెం కఠినంగా ఉండేదని గిట్టనివాళ్ళు అనేవారు.

అసలు వృత్తి పుస్తకాలకు అట్టలు కట్టడం. నలభై ఏళ్ళు కోర్టు దస్త్రాలకూ గ్రంథాలయం పుస్తకాలకూ వీపులు అతికించి, ఇప్పుడు చూపు మందగించాక ఆ పని మానేశాడు. ముందుగదిలో పుస్తకాలు బిగించే మర మాత్రం అలాగే ఉంది. దాని మీద వాళ్ళావిడ ఉల్లిపాయల బుట్ట పెడుతుంది. తాను వృత్తి మార్చలేదనీ, పుస్తకం మాత్రమే మారిందనీ ఆయన వాదన. తేనెపెట్టె కూడా పుస్తకమే కదా: నిలువుగా పది చట్రాలు, పది పుటలు. ఒక్కో పుటా మెల్లిగా ఎత్తాలి, వెలుగుకు పట్టి చదవాలి, మళ్ళీ చిరగకుండా యథాస్థానంలో పెట్టాలి.

అందుకని పనిముట్లు కూడా పాతవే వాడేవాడు. చట్రాన్ని చట్రం నుంచి విడదీయడానికి, కాగితం మడతలు నొక్కే ఎముక పలక. మైనం గీకడానికి, అంచు మొండిచేసిన పల్చటి చాకు. ఈగల్ని పక్కకు జరపడానికి పెద్దబాతు రెక్కలోంచి తీసిన ఒకే ఒక్క ఈక. నాలుగోది, ఆయన సొంత ఆవిష్కరణ: చిన్న ఇత్తడి గిన్నెలో చక్కెర నీళ్ళు. ఈకను ఆ నీళ్ళలో ముంచి, విదిలించి, ఈగల వీపుల మీద నిమిరినట్టు పోనిచ్చేవాడు. ఈగలు కోపం తెచ్చుకోబోయి, తమ ఒంటి మీది తీపిని తామే నాక్కోవడంలో పడి, ఆ సంగతి మర్చిపోయేవి.

"లంచం కాదోయ్, మర్యాద" అనేవాడు ఎవరైనా నవ్వితే. "ముట్టుకున్నామా లేదా అని అవి అనుమానపడేటట్టు ముట్టుకోవాలి."

చేతికి తొడుగుల్లేవు, ముఖానికి వల లేదు. పదకొండేళ్ళలో ఈగ కుట్టింది మూడుసార్లే. ఆ మూడింటి చరిత్రా, తప్పు తనదేనన్న తీర్పుతో సహా, వివరంగా చెప్పేవాడు. గిన్నె ఒక్కటే, ఈక ఒక్కటే. ఇంటి నుంచి ఇంటికి, పెట్టె నుంచి పెట్టెకు అవే తిరిగేవి. వాటికి సబ్బు ఎన్నడూ తగలనివ్వలేదు, ఆ వాసన ఈగలకు పడదని. చివర్న ఓసారి చన్నీళ్ళతో తొలిచి గుడ్డలో చుట్టేవాడు. గిన్నెలో మిగిలిన తీపిని పారబొయ్యడానికి మనసొప్పక మర్నాటికి దాచేవాడు.

ఆయన శాస్త్రానికి ఎదురు తిరిగింది ఒక్క మనిషే. సొంత చెల్లెలు.

ఊరి చివర, పళ్ళతోటల పక్కన, రేకుల ఇంట్లో ఉంటుందామె. పన్నెండేళ్ళు ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేసి, చాకలి సోడా నీళ్ళకు అరచేతులు పగిలిపోయి, ఆ పని వదిలేసింది. మొదటి తేనెపెట్టె అన్నయ్యే ఇచ్చాడు. అది ఇప్పుడు పదహారైంది. ఏటా తోటలు పూతకొచ్చినప్పుడు తోటల యజమాని ఆ పదహారు పెట్టెల్నీ బండి మీద తీసుకెళ్ళి అయిదు వారాలు చెట్ల మధ్య పెట్టుకుంటాడు. కాయ పట్టాలంటే ఈగలు కావాలి. ఆ అయిదు వారాలే ఆమెకు ఏడాది పొడుగునా పొయ్యి వెలిగించేది. మొగుడొకడు ఉండేవాడు. ఆయన సంగతి ఎత్తితే, "ఆయన కంటే ఇవి నయం, పనిచేస్తాయి" అనేది.

ఆమెది పొగడబ్బా, ఇనుప బద్ద పద్ధతి. గోనె ముక్క కాల్చి పొగ ఊదేది, ఇనుప బద్దతో టకటకా చట్రాలు పెకలించేది. ఒక పెట్టె అయ్యాక బద్దను మంటలో ఎర్రగా కాల్చి, మరిగే సోడా నీళ్ళలో ముంచి, అప్పుడు రెండో పెట్టె ముట్టుకునేది.

"చుట్టాన్ని చూడ్డానికెళ్ళి ఇంట్లో పొగ పెడతామంటే?" అనేవాడు అన్న.

"నాకు పదహారున్నాయి అన్నయ్యా. నీలా బుజ్జగిస్తూ కూర్చుంటే పదహారోదాని దగ్గరికొచ్చేసరికి మొదటిదాన్లో మునిమనవలు పుడతారు."

"సరే, ఆ బద్దని అలా కాలుస్తావేం? దానికేమైనా దయ్యం పట్టిందా?"

"ఆస్పత్రి దుప్పట్లు చూసినదాన్ని. ఉడకబెట్టంది ఏదీ నా కంటికి శుభ్రంగా ఆనదు."

"అయితే నన్ను కూడా ఉడకబెడతావా?"

"నువ్వు కాస్సేపు కదలకుండా కూచుంటే పెడతా."

ఈ వాదం ఏళ్ళ తరబడి నడిచేది, ఎవరూ నెగ్గకుండానే. ఈ ఏడు మాత్రం అన్నయ్య నెగ్గాడు.

పూతకు ఏడు వారాల ముందు చెల్లెలు ఇంట్లో స్టూలెక్కి బల్బు మారుస్తూ కింద పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు విప్పకూడదనీ, బరువులు ఎత్తకూడదనీ డాక్టరు చెప్పాడు. పెట్టెల బాధ్యత బైండరు గారి మీద పడింది. పడింది అనేకంటే, ఆయన దాని మీద పడ్డాడు అంటే సరిగ్గా ఉంటుంది. మొదటి రోజే పొగడబ్బాను అటక ఎక్కించాడు. ఇనుప బద్దను దాని పక్కన పడుకోబెట్టాడు. జయించిన కోటలోకి వెళ్ళే సేనానిలా ఈక పట్టుకుని పదహారు పెట్టెల మధ్యకు నడిచాడు. ఈగలు ఆయన్ని చూసి ఊరుకున్నాయి. చెల్లెలు కూడా గడప మీద కూర్చుని, కట్టు ఒళ్ళో పెట్టుకుని, ఊరుకుంది.

"చూశావా? ఒక్కటైనా లేచిందా?"

"లేవలేదులే. నువ్వు గెలిచావు. చేతులు కడుక్కుని రా, టీ పెడతా."

ఆ ఆరు వారాల్లో నాలుగుసార్లు వెళ్ళాడు. నాలుగుసార్లూ బేకరీ ఆయన పెరట్లోంచి నేరుగా వెళ్ళాడు. దారి అదే కాబట్టి.

బేకరీ ఆయన మంచివాడు, కొంచెం ఆశపోతు. తనకున్న రెండు పెట్టెలకు తోడు, ఎవరో ఈగల పెంపకం మానేసి అమ్ముతుంటే చవగ్గా మూడోది కొన్నాడు. "దాన్లో ఈగలు వాటంతటవే పోయాయటండీ. పెట్టె మాత్రం చూడండి, కొత్తపెళ్ళికూతురులా ఉంది" అన్నాడు మురిసిపోతూ. అందులోకి కొత్త ఈగల్ని వదిలారు. బైండరు గారే దగ్గరుండి వదిలించాడు. లోపల పాత చట్రాల మీద ఎండిన తేనె ఉంది, వాటికి తిండికి పనికొస్తుందని అలాగే ఉంచాడు.

కొన్ని వారాలకు ఆ పెట్టె తెరిస్తే పిల్లల చట్రం తీరుగా లేదు. ఈగ పిల్ల ఎదిగే ప్రతి గదికీ పెద్ద ఈగలు మైనంతో మూత వేస్తాయి. ఆ మూతలు కొంచెం ఉబ్బి, రొట్టె పైపొర రంగులో, వరసగా ఉండాలి. ఇక్కడ కొన్ని లోపలికి గుంటలు పడ్డాయి. కొన్ని నల్లబారాయి. కొన్నిటికి సూదితో పొడిచినట్టు చిల్లులు. మధ్య మధ్య ఖాళీ గదులు, పురుగు తిన్న పుటలా. బైండరు గారు దాన్ని వెలుగుకు పట్టి చాలాసేపు చదివాడు.

"రాణికి ఇంకా అనుభవం లేదు" అని తీర్పు చెప్పాడు.

చట్రం దించుతుంటే గుప్పుమని ఒక వాసన వచ్చింది. ఆయనకు సొంతింటి వాసనంత పరిచయం: కాచిన జిగురు. తోలూ ఎముకా ఉడికించి చేసే జిగురు, రాగి గిన్నెలో కాగి కాగి అడుగంటుతున్నప్పుడు వచ్చే వాసన. నలభై ఏళ్ళు ఆ కంపులోనే మధ్యాహ్నం భోజనం చేసిన మనిషి. మోచేయి ముక్కు దగ్గరికి తెచ్చుకుని, చొక్కా ఓసారి పీల్చి, తృప్తిగా తలాడించాడు. ఎంత ఉతికినా వృత్తి పోదు కదా అనుకున్నాడు. ఆ పెట్టె మరీ నీరసంగా ఉందని జాలిపడి, ఈకను రెండుసార్లు ఎక్కువే ముంచి, చట్రమంతా నిమిరాడు. మళ్ళీ గిన్నెలో ముంచాడు. గుడ్డలో చుట్టుకుని చెల్లెలి ఇంటికి బయల్దేరాడు.

తేనెటీగలకు వచ్చే ఒక అంటురోగం ఉంది, పిల్లకుళ్ళు. దాని పేరు పెంపకందార్లందరూ విన్నారు. ఎక్కడో, ఎవరికో, వేరే ఊళ్ళో వచ్చేది. పిల్ల గదిలోనే కుళ్ళి జిగటగా మారుతుంది. అగ్గిపుల్ల గుచ్చి లాగితే తీగ సాగుతుంది. ఆ కుళ్ళు వాసన అచ్చం జిగురు కాచిన గిన్నెలా ఉంటుంది. అది ఎవరి ముక్కుకైనా ఇట్టే తెలుస్తుంది. పేట మొత్తంలో తెలియని ముక్కు ఒకటే ఉంది. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ నమ్ముకున్నది ఆ ముక్కునే.

చెల్లెలి పెట్టెలు శనివారం తోటకు వెళ్ళాలి. ఆ బుధవారం మధ్యాహ్నం బైండరు గారు భోజనానికి కూర్చుని, కబుర్లలో పడి అన్నాడు: "నా చొక్కాలకి జిగురు వాసన ఇంకా పోలేదోయ్. పెట్టె తెరిస్తే చాలు, ముక్కుకి కొడుతుంది."

వాళ్ళావిడ వడ్డిస్తున్న గరిటె ఆపింది. "జిగురా? మీరు జిగురు కాచి రెండేళ్ళయింది. ఆ రాగి గిన్నెలో గులాబీ కొమ్మ నాటాను, పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా దాన్నే తన్నుకుంటారు."

"ఉతికినా పోదు కదా అది."

"నా చేత్తో ఉతికితే మీ నాన్నగారి పేరే పోతుంది, జిగురెంత? చూడండి." ఆవిడ తీగ మీది చొక్కా లాగి ఆయన ముఖాన పెట్టింది. "ఏం వాసన?"

సబ్బు. ఉత్త సబ్బు. ఎండ.

ఆయన మళ్ళీ పీల్చాడు. రెండో చేయి చూశాడు. కాలరు చూశాడు. కంచంలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఏమైందండీ? దిష్టిబొమ్మలా ఆ చూపేంటి?"

ఆయన లేచి చెయ్యి కడుక్కుని, పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టె జేబులో వేసుకుని బయటికి నడిచాడు.

బేకరీ ఆయన పెరట్లో మూడో పెట్టె ముందు ఈగలు తక్కువగా తిరుగుతున్నాయి. బైండరు గారు మూత తీశాడు. వాసన వచ్చింది. ఈసారి చొక్కా మీద నెపం పెట్టడానికి లేదు. గుంట పడిన మూత ఒకటి ఎంచుకుని, అగ్గిపుల్ల వెనక కొన గుచ్చి, తిప్పి, మెల్లిగా లాగాడు. టీ రంగులో ఒక తీగ సాగింది. బొటనవేలంత. తెగలేదు.

పిండి చేతులతో వెనకే నిలబడ్డ బేకరీ ఆయన తొంగి చూశాడు. "అబ్బ! పాకం భలే పట్టిందండీ. నేనైతే ఈపాటికి దించేసేవాణ్ణి."

"మూత వేసెయ్యండి" అన్నాడు బైండరు గారు. "దీన్ని ఎవర్నీ ముట్టనివ్వకండి."

"ఎవర్నీ అంటే?"

"ముందు నన్ను."

ఇంటికొచ్చి వీధి అరుగు మీద కూర్చుని తన గిన్నె విప్పి చూసుకున్నాడు. అడుగున నిన్నటి తీపి, లేత గోధుమ రంగులో, కొంచెం చిక్కగా ఉంది. అందులో ఒక ఈగ కాలు తేలుతోంది. ఈ గిన్నె ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి వెళ్ళిందో వెనక్కి లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. బేకరీ తర్వాత చెల్లెలు. చెల్లెలి తర్వాత డ్రాయింగు టీచరు. టీచరు తర్వాత తాళాలాయన. ప్రతిచోటా ఈక ముంచి, ప్రతి పెట్టెలోనూ ఈగల నోటికి తానే అందించాడు. కుండపోత వాన కూడా ఇంత సమంగా పడదు.

ఆ సాయంత్రమే చెల్లెలి దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళలేదు.

"ఇవాళ కాళ్ళు లేవా?" అంది వాళ్ళావిడ, సంగతంతా రాబట్టాక.

"రేపు పొద్దున్నే వెళ్తా."

"రేపటికి అది తగ్గిపోతుందా?"

ఆవిడ ఆయన బట్టలన్నీ పెద్ద గిన్నెలో వేసి, పొయ్యి మీద పెట్టి, ఉడకబెట్టడం మొదలుపెట్టింది. ఆయన ఈకను అదే పొయ్యిలో పడేశాడు. అది చిటపటలాడుతూ ముడుచుకుపోయింది.

గురువారం ఉదయం చెల్లెలు పెరట్లో పెట్టెలకు తాళ్ళు కడుతోంది. కట్టు విప్పి రెండు రోజులైంది. కుడిచేయి సన్నబడి, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు ఉంది. అన్నయ్యను చూసి నవ్వింది, ఆ వెంటనే ఆయన చేతులు చూసింది.

"ఈకేదీ?"

"కాల్చేశాను."

"గిన్నె?"

"పాతిపెట్టాను."

చెల్లెలు తాడు వదిలేసి నిటారుగా నిలబడింది. ఆస్పత్రిలో పన్నెండేళ్ళు పనిచేసిన మనిషికి, వస్తువులు ఎప్పుడు కాలుస్తారో ఎప్పుడు పాతిపెడతారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన మాత్రం చెప్పాడు. బేకరీ పెట్టె గురించి, వాసన గురించి, చొక్కా గురించి. ఎప్పుడు వచ్చిందా వాసన అని అడిగింది. మూడు వారాల కిందట అన్నాడు.

"మూడు వారాలు. అంటే రెండుసార్లు వచ్చావు, ఆ తర్వాత."

"రెండుసార్లు."

"బట్టలు?"

"మీ వదిన ఉడకబెట్టింది."

"వదిన నయం." ఆమె లోపలికి వెళ్ళి అటక మీంచి పొగడబ్బా, ఇనుప బద్ద దించుకొచ్చింది. సోడా నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. అగ్గిపెట్టె ఆయన చేతిలో పెట్టింది. "పెట్టెకో పుల్ల. వాడిన పుల్ల మంటలోకి. నువ్వే చూడు, నా చెయ్యి ఇంకా వణుకుతోంది."

జీవితంలో మొదటిసారి బైండరు గారు ఈగల మీద పొగ ఊదాడు. అవి ఆయన్ని గుర్తుపట్టలేదు. మొదటి పెట్టెలో పుల్ల గుచ్చి లాగితే ఏమీ సాగలేదు. చేతులు వేడి సోడా నీళ్ళలో ముంచాడు. రెండోది శుభ్రం. మూడోది శుభ్రం. చెల్లెలు ఊపిరి వినిపించేటంత దగ్గరగా నిలబడి ఉంది. నాలుగోది తెరవక ముందే ఇద్దరికీ వాసన తెలిసింది. అయినా ఆయన పుల్ల గుచ్చాడు. తీగ సాగింది.

"అది బలహీనంగా ఉందని ఎక్కువసేపు కూర్చునేవాడివి" అంది చెల్లెలు.

నిజమే. మధ్యాహ్నానికి పదహారూ అయ్యాయి. ఆరింటికి రోగం. ఆరూ ఆయన జాలిపడ్డవే, రెండేసిసార్లు ఈక ముంచి నిమిరినవే. ధాటిగా ఉన్నాయి, మన అవసరం లేదు అని ఆయన త్వరగా మూత వేసినవి ఆ పూటకు తప్పించుకున్నట్టు కనిపించాయి. ఆయన చేతులు మోచేతులదాకా ఎర్రబారి, పగిలినట్టయ్యాయి. చెల్లెలు వాటిని చూసింది.

చెల్లెలు కబురు పంపితే శుక్రవారం సాయంత్రం ప్రభుత్వం వచ్చింది. ప్రభుత్వం అంటే ముప్పై ఏళ్ళ ఇన్‌స్పెక్టరమ్మ, భుజాన సంచి, చేతిలో ఫైలు. ఆవిడ తన పుల్లలతో తాను పదహారూ చూసి, ఆ ఆరింటినే ఎంచింది. ఎర్ర సుద్దముక్కతో ఒక్కోదాని మీదా అడ్డంగా గీత గీసింది.

"ఈ ఆరూ కాల్చెయ్యాలి. ఈగలు, చట్రాలు, పెట్టెలు అన్నీ. పేటలో మిగతా ఇళ్ళవి సోమవారం వచ్చి చూస్తాను. మిగతా పదీ ఇక్కణ్ణించి కదలకూడదు. వచ్చే ఏడు ఈ రోజుల్లో మళ్ళీ చూస్తాను. ఈలోపు అనుమానం వచ్చినదాన్నల్లా గీత గీసి విడిగా ఉంచండి. గీత పడిందంటే అది కూడా పోయినట్టే అనుకోండి."

"తోట పూత ఏడాదిపాటు ఆగదుగా మేడమ్" అంది చెల్లెలు.

"పూతకి నేను నోటీసు ఇవ్వలేను కదమ్మా." ఆవిడ మాట కటువుగా లేదు, అలిసిపోయి ఉంది. "ఆ పది బతికితే వచ్చే ఏడు అయినా నీకు చేతిలో పని ఉంటుంది. అవీ పోతే ఇక మొదట్నించి."

చెల్లెలు ఆ పదింటి వైపు చూసింది. రెండు రోజుల కిందటిదాకా పదహారు పెట్టెల మనిషి. ఇప్పుడు ఆ పదే ఆమెకు మిగిలిన బతుకు, అదీ పూచీ లేని బతుకు.

గొయ్యి మధ్యాహ్నమే తవ్వారు, నడుములోతు. ఇన్‌స్పెక్టరమ్మ వివరించింది: ఈగలన్నీ మేత నుంచి తిరిగొచ్చాక గుమ్మాలు మూసి, లోపల పెట్రోలు పోసి, అవి పోయాక గోతిలో పెట్టి తగలబెట్టాలి. వాచీ చూసుకుని, గుమ్మాలు మూయమంది.

పడమర ఇంకా వెలుగు ఉంది. బైండరు గారు తోటల వైపు చూసి, "ఇంకొంచెం ఆగుదామా మేడమ్? చివరివి ఇంకా రాలేదేమో" అన్నాడు, ఎంతో మర్యాదగా.

"నా ఎదుటే కాల్చాలండీ, అది రూలు. ఆఖరి బస్సుకి నేను ఎక్కాలి, అది కూడా రూలే."

ఆయన ఇంకోసారి అడగలేదు. గట్టిగా అడగడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు. గుమ్మాలు మూశారు. ఆరు పెట్టెల్లోంచి ఒక్కసారిగా వచ్చిన రొద కాస్సేపు పెరిగి, తర్వాత తగ్గి, తర్వాత లేదు. గోతిలో మైనం కాలిన పొగ నల్లగా, నేల మీదనే పాకింది. ఇన్‌స్పెక్టరమ్మ కాగితం మీద సంతకం పెట్టి, చెల్లెలి భుజం మీద ఓసారి చెయ్యి వేసి, బస్సుకు వెళ్ళిపోయింది.

ఆవిడ మలుపు తిరిగిందో లేదో, ఆలస్యంగా మేతకు వెళ్ళినవి రావడం మొదలుపెట్టాయి.

నలభై, యాభై ఉంటాయి. పెట్టెలుండే చోట, గుమ్మం ఉండాల్సినంత ఎత్తులో, గాలిలో నిలబడి వెతికాయి. కాళ్ళకు పుప్పొడి ముద్దలున్నాయి. కిందికి దిగాయి, ఖాళీ నేల తడిమాయి, మళ్ళీ లేచాయి. ఆ తర్వాత ఒకటి పక్కనున్న మంచి పెట్టె గుమ్మం మీద వాలింది. గుమ్మంలో కావలి ఈగలు దాన్ని చుట్టుముట్టి వాసన చూశాయి. మామూలుగా పరాయి ఈగను గెంటేస్తాయి. కానీ బరువుతో వచ్చినదాన్ని గెంటవు; మేత తెచ్చినది ఎవరైనా సొంతమే. జరిగి దారి ఇచ్చాయి.

"అన్నయ్యా" అంది చెల్లెలు. "అవి లోపలికి పోతున్నాయి."

ఆయన చూస్తూనే ఉన్నాడు.

"కొట్టు."

"ఏంటీ?"

"కొట్టమంటున్నా. నా చెయ్యి పనిచెయ్యదు. కొట్టు!" సోడా నీళ్ళలో తడిసిన తువ్వాలు తీసి ఆయన మీదికి విసిరింది.

పదకొండేళ్ళలో ఒక్క ఈగను కూడా నలపని మనిషి. తువ్వాలు పట్టుకుని ఒక క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత కొట్టాడు. మొదటి దెబ్బ మరీ మెత్తగా పడింది, ఈగ లేచిపోయింది. రెండోది గట్టిగా పడింది. పెట్టె నుంచి పెట్టెకు పరిగెత్తుతూ, గుమ్మాల ముందు, గాలిలో, నేల మీద కొట్టాడు. అవి ఆయన మెడ మీద, కనురెప్ప మీద, చెవి వెనక కుట్టాయి. ఇదివరకటి మూడింటి చరిత్ర చెప్పినట్టు వీటి చరిత్ర ఎవరూ చెప్పలేరు. గోతిలోంచి పొగ గాలికి తిరిగి పెట్టెల మీదుగా వచ్చింది, మళ్ళీ విడిపోయింది. పావుగంటకు గాలిలో ఏమీ మిగల్లేదు. నేల మీద పసుపు ముద్దలు, చిన్నచిన్నవి, చెదిరి ఉన్నాయి.

ఆయన తువ్వాలు వదిలేసి, వంగి, మోకాళ్ళు పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది.

"ఏమైనా లోపలికెళ్ళాయా?" అంది చెల్లెలు. "నేను గొయ్యి వైపు ఉన్నా. నాకు సరిగ్గా కనిపించలేదు."

లేదు అంటే ఆమె ఈ పూటకు నిద్రపోతుంది. పదీ పదిలాగే ఉంటాయి, కనీసం తెల్లారేదాకా. ఆ మాట ఆయన నాలుక మీదికి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆయనకే భయం వేసింది. మూడు వారాల కిందట చొక్కా వాసన చూసి తలాడించింది కూడా ఇంత తేలిగ్గానే.

"వెళ్ళాయి" అన్నాడు. "ఈ చివరిదాన్లోకి. రెండు. నేను చూశాను."

చెల్లెలు ఆ పెట్టె వైపు చూసింది. పదింటిలోకీ బలమైనది అదే. ఇన్‌స్పెక్టరమ్మ వదిలి వెళ్ళిన ఎర్ర సుద్దముక్క గట్టు మీంచి తీసి, ఎడమ చేత్తో, వంకరగా, అడ్డంగా ఒక గీత గీసింది.

"దాని పక్కదాన్లోకి?"

"తెలీదు. పొగ అడ్డమొచ్చింది."

"వెళ్ళి ఉంటాయా?"

"వెళ్ళి ఉండొచ్చు. వెళ్ళకపోయి ఉండొచ్చు. తెలీదమ్మా."

చెల్లెలు ఆ రెండో పెట్టె ముందుకు జరిగి, సుద్దముక్క పట్టుకుని నిలబడింది. గీత గియ్యలేదు. చెయ్యి దించనూ లేదు. లోపల రోజంతా తెచ్చిన తేనెను ఆరబెట్టడానికి ఈగలు రెక్కలాడిస్తున్న చప్పుడు, పక్క పెట్టెల్లోంచి వచ్చే చప్పుడుకు ఏ తేడా లేకుండా, వినిపిస్తూనే ఉంది.